మచ్చిక ధ్రువపత్రం

వరహాలమ్మ కోళ్ళని ప్రేమించేది కాదు. అడిగితే ఆవిడే చెప్పేది ఆ మాట. పొద్దున్నే గంప ఎత్తి నూకలు చల్లడం, పగలంతా ఓ కంట పిల్లినీ ఓ కంట గద్దనీ కనిపెట్టి ఉండటం, పొద్దు గుంకే వేళకి ఒక్కొక్కదాన్నీ తడిమి చూసి గంప మూయడం, పెట్ట పొదుగుడుకొస్తే బుట్టలో ఊక పోసి గుడ్లు సర్దడం, ఇంటికి చుట్టాలొస్తే ఓ పుంజుని కోసి మసాలా నూరడం. నలభై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్నది ఇంతే. దీని వెనక ఒక బంధం ఉండాలని, దాన్ని కొలవవచ్చని, కొలిచాక కాగితం ఇవ్వవచ్చని ఆవిడకి తెలియదు. కోళ్ళకీ తెలియదు. ఉభయులూ అజ్ఞానంలోనే సుఖంగా ఉన్నారు.

ఆ అజ్ఞానం పోగొట్టడానికి ఈదులపేటకి మార్తాండరావుగారు రావలసి వచ్చింది.

మార్తాండరావుగారు పెరటికోళ్ళ అభ్యున్నతి సంస్థకి ప్రాజెక్టు డైరెక్టరు. ఆ మధ్య పదకొండు రోజులు విదేశీ శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ ఓ ముసలావిడ ఒళ్ళో కోడిపెట్టని కూర్చోబెట్టుకుని టీవీ చూడటం ఆయన కంటపడింది. పదకొండు రోజుల్లో చూసిన మిగతావన్నీ మరిచిపోయినా ఆ దృశ్యం మాత్రం ఆయన్ని వదల్లేదు. మన దగ్గర కోడి తక్కువ గుడ్లు పెడుతోందంటే లోపం మేతలో లేదు, జాతిలో లేదు, దాన్ని ఎవరూ ఒళ్ళో కూర్చోబెట్టుకోకపోవడంలోనే ఉందని విమానం దిగకముందే తేల్చుకున్నారు. దిగిన నెలలోగా పథకం తయారైంది.

ఈదులపేటలో అరవై ఇళ్ళకి, ఇంటికి పది చొప్పున కోడిపిల్లలు ఉచితంగా ఇస్తారు. పది వారాలు పెంచాక మచ్చిక పరీక్ష పెడతారు. పిలిస్తే పిల్లలు రావాలి, అరచేతిలో తినాలి, ఒళ్ళో కూర్చోవాలి. నెగ్గితే ఆ ఇంటికి మచ్చిక ధ్రువపత్రం ఇచ్చి కోళ్ళు వదిలేస్తారు. ఓడితే అవి సరైన ఆప్యాయత అందని పక్షులు కనక వాటిని 'మమకార పునశ్చరణ కేంద్రా'నికి తరలిస్తారు.

ఆ కేంద్రం ఊరి చివర ఉంది. మునుపది పశువుల ఆసుపత్రి తాలూకు రేకుల షెడ్డు. దాన్ని ఆనుకునే గెస్టుహౌసు. గెస్టుహౌసు ముందుగదిలో మార్తాండరావుగారి క్యాంపు ఆఫీసు, వెనకగదిలో వంటిల్లు. వంటింటికీ కేంద్రానికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడకో తలుపు.

లబ్ధిదారు వయసు నలభై అయిదు దాటకూడదన్నారు. అంతకు మించితే కొత్త అనుబంధాలు ఏర్పరుచుకునే శక్తి సన్నగిల్లుతుందని పుస్తకంలో ఉందట. వరహాలమ్మకి యాభై ఎనిమిది. అందుకని కార్డు కోడలు నూకరత్నం పేరున వచ్చింది.

నూకరత్నం పదో తరగతి దాకా చదువుకుంది. వసారాలో మిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. కోడి ఆమెకి కూరలో ఉంటేనే ఇష్టం. చిన్నప్పుడు ఓ పిల్లలకోడి వీధి చివరి దాకా తరిమి పొడిచిన గుర్తు పిక్క మీద ఇంకా ఉంది.

"నాకొద్దత్తా ఈ గోల. వద్దని రాసిచ్చేద్దాం" అంది.

"ఊరికే ఒచ్చేదాన్ని ఒద్దంటారేటే. నువ్వు ఏలిముద్రెయ్యి, సాలు. పేరు నీది, పెంట నాది" అంది వరహాలమ్మ.

ఊళ్ళో చాలా ఇళ్ళలో ఒప్పందం ఇలాగే కుదిరింది. ఓ ఇంట్లో కార్డు కూతురిది, మేత అమ్మమ్మది. ఇంకో ఇంట్లో కార్డు పెళ్ళానిది, మేత మొగుడిది. కోడిని ఎవరు సాకితే కోడి వాళ్ళని ఎరుగుతుందన్నది ఎవరికీ అడ్డంగా తోచలేదు, ఎందుకంటే అది అందరికీ తెలిసిన సంగతే. సంస్థకి తెలియదని వాళ్ళకి తెలియదు.

పిల్లల్ని పంచే రోజున బడి ఆవరణలో శిక్షణ పెట్టారు. షామియానా కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. మార్తాండరావుగారు మైకు అందుకున్నారు.

"సోదరీమణులారా, కోడి అనేది పక్షి కాదు. కోడి అనేది ఒక సంబంధం. మానవ కుక్కుట అనుబంధాన్ని క్షేత్రస్థాయిలో సంస్థాగతం చేయడమే ఈ పథకం యొక్క పరమ లక్ష్యం. ముఖ్యంగా మీరంతా పధ్నాలుగో నిబంధన గుర్తుపెట్టుకోవాలి. పక్షి స్వేచ్ఛగా ఎవరిని చేరునో వారే దాని యజమాని. ఇందుకు మరే సాక్ష్యమూ అవసరం లేదు. ఈ వాక్యం నేను స్వయంగా రాశాను."

వెనకవరసలో కాసులమ్మ అని వరహాలమ్మ ఎదురింటావిడ, మోచేత్తో పొడిచి, "ఏటంటున్నాడే?" అంది.

"కోళ్ళు పెంచమంటన్నాడు" అంది వరహాలమ్మ.

తరవాత ప్రదర్శన. బల్ల మీద అట్టపెట్టె తెరిచి, కింద పరిచిన గోనె మీదకి పది పిల్లల్ని వదిలారు. మార్తాండరావుగారు నిలబడే నడుం వంచి, ఉంగరాలున్న చెయ్యి వేళ్ళు చాపి, నెమ్మదిగా వాటి మీదకి దించారు. పది పిల్లలూ పది దిక్కులా పరుగెత్తాయి. ఒకటి ఆయన బూటు కింద దూరింది. ఇంకోటి మైకు తీగల్లో చిక్కుకుంది.

"పైనించి సెయ్యి దించకండి బాబూ, గద్దనుకుంటాయండి" అంది వరహాలమ్మ కూర్చున్న చోటునుంచే. "కింద కూకుని, అరసెయ్యి నేల మీద ఆనించి ఊరుకోవాలండి. మనం ఆటికేసి సూడకూడదు. అయ్యే ఒత్తాయి."

మార్తాండరావుగారు నడుం నిటారు చేశారు. "ఆ విషయం మూడో అధ్యాయంలో వివరంగా ఉంది. మనం ప్రస్తుతం మొదటి అధ్యాయంలో ఉన్నాం" అన్నారు.

శిక్షణ అయ్యాక ఆడవాళ్ళు తమకిచ్చిన మార్గదర్శిక పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా వరహాలమ్మ పెరట్లోకి వచ్చారు. ఆవిడ వాళ్ళకి చెప్పిందల్లా తన అత్తగారు తనకి చెప్పిందే. చెదపుట్ట ఉన్న చోట మట్టిముంతలో ఎండుపేడా కాస్త గడ్డీ కుక్కి, నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి బోర్లించాలి. తెల్లారేసరికి ముంతలోకి చెదలు ఎక్కి ఉంటాయి. పీట వేసుకుని కూర్చుని, ముంత అంచుని గోటితో టకటకా కొట్టాలి. తల్లికోడి మేత దొరికినప్పుడు ముక్కుతో నేలని అలాగే కొడుతుంది. ఆ చప్పుడయ్యాకే చెదలు దులపాలి, ఎప్పుడూ ఆ చప్పుడుతోనే దులపాలి. రెండో రోజుకి పిల్లలు దగ్గరకొస్తాయి, నాలుగో రోజుకి మోకాలెక్కుతాయి. అధ్యాయాలేమీ లేవు.

వారం తిరక్కుండా అరవై ఇళ్ళ పెరళ్ళలోనూ ముంతలు బోర్లాపడ్డాయి.

ఇక పేర్లు. ప్రతి పిల్లకీ ఒక పేరు పెట్టి ఫోనులోకి ఎక్కించాలన్నారు. ఆ పని క్షేత్ర మచ్చిక పర్యవేక్షకుడు ఉమాపతిది. అతను చెడ్డవాడేమీ కాదు, నిద్ర చాలని మనిషి. కిందటేడు మరుగుదొడ్ల పథకంలో ఫోటోలు తీశాడు. ఆ ఫోనే, ఆ ఆప్‌నే కోళ్ళకి వాడమన్నారు. అందుకని ప్రతి కోడిపిల్ల దగ్గరా అది 'తలుపుకి గడియ ఉన్నదా?' అని ఓ ప్రశ్న అడిగేది. ఉన్నదని నొక్కితేనే ముందుకు కదిలేది. అతను ఆరువందల సార్లు ఉన్నదని నొక్కాడు.

ఒకసారి పెట్టిన పేరు ఆప్ మళ్ళీ ఒప్పుకునేది కాదు. మొదటి నాలుగిళ్ళలో లక్ష్ములూ సరస్వతులూ అయిపోయారు. పదిహేనో ఇంటికి నదులు, పాతికో ఇంటికి పువ్వులు ఖాళీ. కాసులమ్మ కడుపుమంట కొద్దీ తన ఆడపడుచుల పేర్లన్నీ పెట్టేసింది. నూకరత్నం ఇల్లు యాభై మూడోది. ఉమాపతి వాకిట్లో నిలబడేసరికి భాషలో పేర్లు మిగల్లేదు. ఆమె చుట్టూ చూసి కంటికి ఏది కనిపిస్తే అది చెప్పింది. అలా ఆ ఇంటి కోళ్ళు కత్తెర, బొత్తాం, చాట, కొక్కెం, ఉప్పుజాడీ వగైరా అయ్యాయి. ఆఖరున కాలివేలు వంకర తిరిగిన తెల్లపిల్ల ఒకటి మిగిలింది. ఆ వేళకి వరహాలమ్మ చేతిలో చెంబు ఉంది.

"మజ్జిగ" అంది నూకరత్నం.

"తలుపుకి గడియ..." అన్నాడు ఉమాపతి అలవాటు కొద్దీ.

మజ్జిగ తక్కిన వాటికన్నా చిన్నది. మూడో వారంలో పిల్లి దాన్ని నోట కరుచుకుని గోడెక్కబోతే వరహాలమ్మ చేతిలో ఉన్న పీట విసిరి విడిపించింది. మెడ మీద గాయానికి పసుపూ నూనే రాసి, పన్నెండు రోజులు కొంగులో చుట్టుకుని తిరిగింది. వంట చేస్తున్నా, తోమినా, కాసులమ్మతో పోట్లాడినా కొంగులోంచి ఓ చిన్న తల బయటికి చూస్తూ ఉండేది. బతికింది. ఆ తరవాత అది వరహాలమ్మ పాదాల మీద తప్ప ఇంకెక్కడా నిలబడేది కాదు.

"ఇదేంటత్తా, ప్రేమా?" అంది నూకరత్నం.

"నోర్ముయ్. కుంటిది. దాన్నొదిలేస్తే మిగతాయి పొడిసేత్తాయని" అంది వరహాలమ్మ.

పదో వారం పరీక్ష. నూకరత్నం పెరటి మధ్యలో పీట మీద కూర్చుంది. మూడు నిమిషాల్లో పదింట ఏడు ఒళ్ళోకి రావాలి. ఉమాపతి ఫోనులో గడియారం నొక్కి, "పిలవండమ్మా, పేర్లతో" అన్నాడు.

"కత్తెరా" అంది నూకరత్నం, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి. "బొత్తాం. ఉప్పుజాడీ, రా. మరీ దగ్గరికి కాదు."

వరహాలమ్మ దూరంగా, చాకిరేవు బండ దగ్గర, అటు తిరిగి నిలబడింది. చెయ్యి కదపలేదు, నోరు మెదపలేదు. అయినా పది కోళ్ళూ వరసగా వెళ్ళి ఆవిడ చుట్టూ చేరాయి. మజ్జిగ పాదం మీదకెక్కింది. కొక్కెం బండ ఎక్కి, అక్కణ్ణించి భుజం ఎక్కింది.

ఉమాపతి ఫోనులో అంకెలు నొక్కాడు. "లబ్ధిదారు మమతాంకం సున్నా" అన్నాడు. "మూడో వ్యక్తి మమతాంకం నూరు. ఇది అక్రమ మచ్చిక కిందకొస్తుందండి."

"మూడో మడిసెవరు? నేనా?" అంది వరహాలమ్మ. "ఎవరి దగ్గిరికెల్తే ఆళ్ళే యజమానని ఆ రోజు మైకులో సెప్పారు కదయ్యా. పధ్నాలుగంట."

"అది నిజమేనండి. కానీ పధ్నాలుగు చెల్లాలంటే ఉన్నతాధికారి ఎదురుగా జరగాలి. నేను ఉన్నతాధికారిని కాదు కదండీ."

"నువ్వు కావులే నాయనా" అంది వరహాలమ్మ. అని ఆ ముక్క మనసులో ఓ మూల దాచుకుంది.

అరవై ఇళ్ళలో నలభై ఒక్క ఇంట ఇదే జరిగింది. కోళ్ళన్నీ మచ్చికయ్యాయి, కాకపోతే తప్పు మనుషులకి. నాలుగు రోజులకి నోటీసు వచ్చింది. నూకరత్నం వసారాలో నిలబడి చదివింది. 'ప్రభుత్వ పక్షుల ఆప్యాయతను అనర్హురాలైన వ్యక్తి స్వాధీనపరుచుకొనియున్నందున, ఇందుమూలముగా పదిహేను రోజులలోగా సదరు ఆప్యాయతను లబ్ధిదారుకు బదిలీ చేయవలెను. ఈ వ్యవధిలో సదరు వ్యక్తి పక్షులకు వంద గజముల దూరములో ఉండవలెను. లేనియెడల పక్షులు కేంద్రమునకు తరలించబడును.'

"సదరు వ్యక్తంటే నేనేనా?" అంది వరహాలమ్మ.

"నువ్వే అత్తా."

"పొలం బదిలీ ఇన్నాను, ఉజ్జోగం బదిలీ ఇన్నాను. ఇదేటే?"

సంగతి కనుక్కుందామని ఇద్దరూ క్యాంపు ఆఫీసుకి వెళ్ళారు. మార్తాండరావుగారు సానుభూతితోనే మాట్లాడారు. బదిలీకి ఒక ఫారం ఉందన్నారు. ఇచ్చేవారి సంతకం, పుచ్చుకునేవారి సంతకం, పక్షి సమ్మతి. పక్షి నిరక్షరాస్యురాలు కనక కుడికాలి ముద్ర చాలు.

"అది ఒద్దంటే?" అంది వరహాలమ్మ.

"అది ఎందుకు వద్దంటుంది? సమ్మతి అనేది ఫారంలోనే ముద్రించి ఉంది."

"మరి దాని మనసు మారాలి కదండీ."

"మనసు మారడానికి పదిహేను రోజుల గడువు మార్గదర్శికలో శాస్త్రీయంగా నిర్ణయించబడింది" అన్నారు ఆయన. వెనక వంటింట్లోంచి మసాలా వేగుతున్న వాసన వచ్చింది. ఆ రోజు అక్కడ సమీక్షా సమావేశం. పరీక్ష ఓడి, తమకెందుకొచ్చిన తంటా అని నోటీసు రాకముందే అప్పజెప్పేసిన ఇళ్ళ కోళ్ళు అప్పటికే కేంద్రంలో ఉన్నాయి. కేంద్రం తలుపు మీద పలక వేలాడుతోంది: నిన్న ముప్ఫయ్యారు, నేడు ముప్ఫయ్. కారణం అన్న గడిలో 'బెంగ' అని రాసి ఉంది.

వరహాలమ్మ ఆ పలక చూసింది, వంటింటి తలుపు చూసింది. ఇంటి మలుపు దగ్గర, "బెంగంట. అల్లంవెల్లుల్లి ఏసి పెట్టుకున్న బెంగ" అంది.

మర్నాడే వరహాలమ్మ కాసులమ్మ ఇంటి అరుగు మీదకి కాపురం మార్చింది. వంద గజాలు కొలిస్తే అది ముప్ఫయ్యో గజమే, కానీ అంతకన్నా దూరం పోతే చెరుకుతోటలో పడాలి. అక్కణ్ణించే వీధికి అడ్డంగా, వాకిట్లో ఉన్న కోడలికి పాఠం మొదలెట్టింది.

"కూకో. నా సీర కట్టుకున్నావా? ఉతికిందా, ఉతకందా?"

"ఉతకందే. నీ వాసన నాకే కళ్ళు తిరుగుతోంది, కోళ్ళకేం చెప్పను."

"ముంత కొట్టు. అంత గట్టిగా కాదు, తలుపు కొడతన్నట్టు. గోటితో."

నూకరత్నం ముంత కొట్టేది, ఒక కోడి నాలుగడుగులు వేసేది, ఈమె లేచి పది అడుగులు వెనక్కి వేసేది. కాసులమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు చేతినిండా కుట్టాల్సిన జాకెట్లు పేరుకుపోయి, నూకరత్నం విసుగెత్తి మిషనుని వాకిట్లోకి ఈడ్చుకుని కుట్టుకోసాగింది. ఆశ పూర్తిగా వదిలేసి, తల కూడా ఎత్తకుండా కుడుతోంది. మిషను సూది టకటకా ఆడుతోంది. కాసేపటికి పాదాల దగ్గర ఏదో వెచ్చగా తగిలింది. చూస్తే చాట, ఉప్పుజాడీ మిషను పెడల్ పక్కన నిలబడి తలలు వంచి వింటున్నాయి.

"లేవకే" అంది వీధి అవతలినుంచి వరహాలమ్మ, గొంతు తగ్గించి. "ఆటి మొహం సూడకు. నీ పని నువ్వు సేసుకో. ఒత్తున్నాయి."

నూకరత్నం కదలకుండా కుట్టింది. భయంతో జాకెట్టు రెండు చేతులకీ బదులు ఒక చేతినే మూడుసార్లు కుట్టింది, అయినా ఆపలేదు. పన్నెండో రోజుకి గుడ్డముక్కల బుట్టలో కత్తెర కునుకు తీస్తోంది, ఒళ్ళో బొత్తాం ఉంది. మజ్జిగ ఒక్కటే రోజూ గుమ్మం దాకా వచ్చి అరుగుకేసి చూసేది. పదమూడో రోజున అది కూడా వంకరవేలు ఈడ్చుకుంటూ వచ్చి నూకరత్నం పాదమెక్కింది. నూకరత్నం కళ్ళు తుడుచుకోవడం చూసి వరహాలమ్మ అటు తిరిగి కాసులమ్మతో అవసరం లేని మాట ఏదో మాట్లాడింది.

పదిహేనో రోజు ఉమాపతి వచ్చాడు. పది కోళ్ళూ మిషను చుట్టూ ఉన్నాయి. మూడు ఒళ్ళో, రెండు భుజం మీద. అతని మొహం విప్పారింది. ఆనందంగా ఫోను తీసి, మార్గదర్శిక తిరగేసి, అలాగే ఆగిపోయాడు.

"అమ్మా, ఇరవై రెండో నిబంధనలో 'ఉపకరణముల సాయముతో పొందిన ఆప్యాయత పరిగణింపబడదు' అని ఉందండి."

"ఉపకరణం ఏంటి?" అంది నూకరత్నం. "ఇది నా మిషను. నా బతుకుతెరువు."

"నాకు తెలుసమ్మా. మిషను లేకుండా పిలవగలరా?"

మిషను లేకుండా, ముంత లేకుండా, ఎక్కడో బడి మైదానంలో తిరిగే పిల్లల్ని పిలిచినట్టు పేర్లు పెట్టి పిలిచింది. ఒకటీ కదల్లేదు. కోడికి పేరెందుకు తెలుస్తుంది? ఆ సాయంత్రమే బండి వచ్చింది. ఓడిన ఇళ్ళలో మిగిలి ఉన్న ముప్ఫై చిల్లర ఇళ్ళనుంచి, పిల్లికీ గద్దకీ పోగా మిగిలిన కోళ్ళన్నీ ఎక్కించారు. మజ్జిగని పట్టుకోవడానికి మనిషి పైనించి చెయ్యి దించాడు. అది గద్దనుకుని అరిచింది. వరహాలమ్మ అరుగు మీదనుంచి లేవబోతే ఉమాపతి, "వంద గజాలండి" అన్నాడు నేలకేసి చూస్తూ.

ఓడిన ఇళ్ళ ఆడవాళ్ళంతా మర్నాడు వరహాలమ్మ పెరట్లో పోగయ్యారు. గురువారం రాజధానినుంచి కమిషనరుగారు వస్తున్నారు, కేంద్రం ఆవరణలో 'మమతా మహోత్సవం' జరుగుతుంది, మార్తాండరావుగారే స్వయంగా కోళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపిస్తారు. ఈ వార్త అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం నలభై మందికి భోజనాలన్న వార్త కాసులమ్మ తెచ్చింది.

"నలభై మందికంటే ఎన్ని బెంగలు పడతాయో" అంది ఎవరో.

వరహాలమ్మ నూకరత్నాన్ని అడిగింది. "కమిషనరంటే ఉన్నతాధికారేనా?"

"ఆవిణ్ణి మించి ఇంకెవరూ లేరత్తా."

"అయితే ముంతలు బోర్లించండి" అంది వరహాలమ్మ అందరితో. "నేనొక్కదాన్నే ఎల్తాను. మీరు మీ మీ వీధి మలుపుల్లో ఉండండి."

గురువారం కేంద్రం ముందు మళ్ళీ షామియానా. కమిషనరుగారు సన్నగా, పొడవుగా, మాటలు దాచుకునే మనిషి. మార్తాండరావుగారు అరగంట మాట్లాడి, మానవ కుక్కుట అనుబంధంలో ఈదులపేటని ప్రపంచపటంలో పెట్టి, కుర్చీలో కూర్చుని ఒళ్ళో జరీ తువ్వాలు పరుచుకున్నారు. షెడ్డు తలుపు తీశారు. మూడువందల కోళ్ళు ఎండలోకి వచ్చి నిలబడ్డాయి. ఆయన జాబితా అందుకున్నారు.

"గోదావరీ. రామ్మా. మందారం. ఉప్పుజాడీ..." ఆయన ఆగి కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. "ఉప్పుజాడీ. కొక్కెం. మజ్జిగ."

"మజ్జిగ ఇప్పుడే వద్దు" అన్నారు కమిషనరుగారు.

కోళ్ళు ఒక అడుగు కూడా ముందుకు రాలేదు. ఆయన లేచి, నడుం వంచి, ఉంగరాల చెయ్యి పైనుంచి దించారు. మూడువందల కోళ్ళూ ఒక్కసారిగా వెనక్కి పరుగెత్తాయి. సరిగ్గా అప్పుడు గేటు అవతల, సున్నం గోడ పక్కన చతికిలబడి కూర్చున్న వరహాలమ్మ ముంత అంచుని గోటితో కొట్టింది. తలుపు కొడుతున్నట్టు, నెమ్మదిగా.

కోళ్ళు ఆగాయి. మూడువందల మెడలు ఒకేవైపు తిరిగాయి.

ఆ తరవాత జరిగింది ఉమాపతి ముసలివాడయ్యాక కూడా చెప్పుకున్నాడు. కోళ్ళు మార్తాండరావుగారి బూట్ల మీదనుంచి, జరీ తువ్వాలు మీదనుంచి, మైకు తీగల మీదనుంచి, ముందువరస పెద్దల కాళ్ళ మధ్యనుంచి గేటు దాటాయి. అన్నిటికన్నా వెనక ఒక తెల్లది, వంకరవేలు ఈడ్చుకుంటూ. వరహాలమ్మ పాదం మీదకి ఎక్కి అది ఆగింది.

కమిషనరుగారు గేటు దాకా నడిచారు. "ఇవి ఎవరి కోళ్ళు?"

"ప్రభుత్వానివి మేడమ్" అన్నారు మార్తాండరావుగారు.

"పధ్నాలుగు సదవండి బాబూ" అంది వరహాలమ్మ లేచి నిలబడి, చేతులు జోడించి. "తవరే రాశారన్నారు."

మార్తాండరావుగారు చదవలేదు. ఉమాపతి చదివాడు. చదవమని ఎవరూ అతనికి చెప్పలేదు, కానీ నిద్ర చాలని మనిషికి ఒక్కోసారి ధైర్యం అలా వస్తుంది. "పక్షి స్వేచ్ఛగా ఎవరిని చేరునో వారే దాని యజమాని. ఇందుకు మరే సాక్ష్యమూ అవసరం లేదు. ఉన్నతాధికారి సమక్షంలో."

"ఈమె లబ్ధిదారు కాదు మేడమ్. వయసు మించిపోయింది" అన్నారు మార్తాండరావుగారు. "ఉపకరణం కూడా ఉంది. ముంత."

"లబ్ధిదారు కాకపోతే, ముంత నిబంధన ఈమెకి వర్తిస్తుందా?"

"వర్తించదు."

"పరీక్ష?"

"వర్తించదు మేడమ్."

"కేంద్రానికి తరలించడం?"

ఆయన వంటింటి తలుపుకేసి ఒకసారి చూశారు. "వర్తించదు."

"అయితే దారి వదలండి" అన్నారు కమిషనరుగారు గడియారం చూసుకుంటూ. "భోజనంలోకి ఏమిటి?"

ముద్దపప్పు, దొండకాయ వేపుడు.

వరహాలమ్మ ముంత కొట్టుకుంటూ ముందు నడిచింది, వెనక మూడువందల కోళ్ళు. ప్రతి వీధి మలుపులోనూ ఆడవాళ్ళు నిలబడి ఎవరి కోళ్ళని వాళ్ళు ఏరుకున్నారు. జాబితా లేదు. ఎవరి కోడి ఎవరిదో రంగు చూసి, నడక చూసి, తోక చూసి పోల్చుకున్నారు. ఒక్క తగువూ రాలేదు. కాసులమ్మ మాత్రం తన ఆడపడుచుల్లో ఒకతె బెంగతో పోయిందని తెలిసి కాసేపు నిజంగానే బాధపడింది.

మహోత్సవం మీద సంస్థ సమగ్రంగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆప్యాయతకి మూలం మనిషి కాదు, చెద అని శాస్త్రీయంగా రుజువైంది. కనక ప్రతి క్యాంపు ఆఫీసులోనూ ఒక నమూనా చెదల పెంపక కేంద్రం ఏర్పాటు చేయాలని ఉత్తర్వు వెలువడింది. ఈదులపేటలో అందుకు తగిన నీడ, చెమ్మ ఉన్న గది ఒక్కటే కనిపించింది. దస్తావేజుల గది.

మూడు నెలలకి ఉమాపతి వరహాలమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మగారూ, ఓసారి రావాలండి. అవి అల్మరా దాటి వచ్చేశాయి. పందొమ్మిది మచ్చిక ధ్రువపత్రాల నకళ్ళూ అయిపోయాయి. నోటీసులు అయిపోయాయి. నిన్నటినుంచి మార్గదర్శిక తింటున్నాయి. ఇరవై రెండు దాకా వచ్చేశాయండి. సారు కుర్చీ మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు."

వరహాలమ్మ ఆరు ముంతలు తీసుకుని వెళ్ళింది, నూకరత్నం ఇంకో ఆరు. ఎండుపేడా గడ్డీ కుక్కి, నీళ్ళు చిలకరించి, గది నాలుగు మూలలా బోర్లించారు. మర్నాడు పొద్దున్నే నిండిన ముంతలు ఎత్తుకుని వచ్చారు. మార్తాండరావుగారు రసీదు రాసిస్తానన్నారు గాని రాయడానికి కాగితం దొరకలేదు.

పెరట్లో అత్తా కోడలూ చెరో పీట వేసుకుని కూర్చుని ముంతలు కొట్టారు. కత్తెర, బొత్తాం, చాట, కొక్కెం అన్నీ పరుగున వచ్చాయి. అవి ఆ రోజు పధ్నాలుగో నిబంధన తిన్నాయో ఇరవై రెండో నిబంధన తిన్నాయో చెప్పలేం. కొసరు కూడా మిగల్చలేదు.

మజ్జిగ అందరికన్నా ఎక్కువ తిని, వసారాలోకి నడిచి, నూకరత్నం ముక్కల బుట్టలోకి ఎక్కి, గంటసేపు కదలకుండా కూర్చుంది. లేచి వెళ్ళాక నూకరత్నం బుట్టలో చెయ్యి పెట్టి చూసింది.

"అత్తా" అంది.

గుడ్డు చిన్నది, వెచ్చనిది. వరహాలమ్మ దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా ముద్ర లేదు.